వరదలో నానిన తివాచీని నిలబెట్టిన ఏలూరు దుకాణం

ఏలూరులోని ఆ తివాచీల దుకాణానికి నేను మొదటిసారి ఫోన్ చేసినప్పుడు యజమాని ధర మాట ఎత్తలేదు, తివాచీ కొలతలూ అడగలేదు. “ఏం నీళ్ళమ్మా, కుళాయి నీళ్ళా, వాన నీళ్ళా, ఏటి నీళ్ళా? తడిసి ఎన్ని రోజులైంది?” అన్నారు. ఈ పని తెలిసినవారిని గుర్తుపట్టడానికి ఆ రెండు ప్రశ్నలే చాలని నాకు ఆ తరువాత అర్థమైంది. తన పేరు గానీ దుకాణం పేరు గానీ రాయవద్దని ఆయన కోరినందున పేర్లు లేకుండానే, ఆ తివాచీని మరో మూడు వానాకాలాలు వాడి చూసిన మీదట, ఈ సమీక్ష రాస్తున్నాను.

2022 జులైలో ధవళేశ్వరం వద్ద గోదావరి మూడవ ప్రమాద హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వెళ్ళిన రోజుల్లో, రాజోలు వైపు ఏటిగట్టుకు లోపల ఉన్న మా లంక ఇంట్లోకి నీరు వచ్చింది. బియ్యం బస్తాలు, కాగితాలు అటకెక్కించాం కానీ, మా అత్తగారి పెళ్ళినాటి ఏలూరు తివాచీని మంచం మీద పెట్టి అది చాలుననుకున్నాం. మంచం మునిగింది. మూడవ రోజు చూసేసరికి ఎర్రటి పూల మీద వేలెడు మందాన ఒండ్రు పేరుకుని ఉంది. ఇద్దరు మగవాళ్ళు పట్టినా లేవనంత బరువెక్కింది.

బ్లీచింగ్ పౌడర్ చల్లితే వాసన పోతుందని ఇరుగుపొరుగు మంచి మనసుతోనే చెప్పారు. యజమాని ఫోనులో గట్టిగా వద్దన్నారు. క్లోరిన్ తగిలితే ఉన్ని పోగు కరిగిపోతుంది. ఒండ్రు ఎండి గట్టిపడకముందే మేడ మీది ట్యాంకు నీటితో పై బురద కడిగేయమన్నారు. మడత పెట్టకుండా చుట్టమని, ఒక పొర రంగు మరో పొరకు అంటకుండా మధ్యలో తెల్ల పంచెలు పరవమని చెప్పారు. అలాగే చుట్టి, నాటు పడవలో గట్టుకు చేర్చి, వ్యానులో చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, భీమవరం దాటించి ఏలూరు తీసుకువెళ్ళాం. తడిసిన బట్టకు రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి, నాలుగవ రోజున చేరిన మాది అప్పటికే ఆలస్యమైన సరుకు.

వెళ్ళేటప్పుడు పడకగదిలోని యంత్రపు కార్పెట్‌ను కూడా వెంట తీసుకువెళ్ళాం. దాన్ని ఆయన తీసుకోలేదు. అంచు కొద్దిగా విప్పి, పోగులు గుచ్చిన గుడ్డకు కింది గుడ్డను అతికించిన జిగురు అప్పటికే పొరలుగా ఊడుతున్న తీరు చూపించారు. దాని కింద పరిచిన నురగ పరుపు పీల్చిన మురికినీరు ఎంత పిండినా పోదనీ, అది ఇంట్లో ఉంటే రోగమేననీ, కడిగినందుకు డబ్బు తీసుకోవడం తనకు న్యాయం కాదనీ చెప్పారు. అంతకు ముందు అదే కార్పెట్‌ను ఆవిరి యంత్రంతో కొత్తదానిలా చేసి ఇస్తామని మరొక చోట ధర కూడా చెప్పారు గనుక, ఈ నిరాకరణను నేను దుకాణపు మొదటి గుణంగా లెక్కిస్తాను.

చేతి ముడుల తివాచీ సంగతి వేరు. దానిలో జిగురు లేదు. నూలు పడుగు, అంటే నిలువు దారాల మీద ఉన్ని ముడులు మాత్రమే ఉంటాయి. ముందుగా తడి తెల్లగుడ్డను ఒక్కొక్క రంగు మీద అదిమి చూశారు. ఎరుపు ఒక్కటే గుడ్డకు అంటింది. అందుకని వేడి నీరు వాడకుండా, వాలుగా కట్టిన సిమెంటు చప్టా మీద పరిచి, చన్నీళ్ళు పోస్తూ, పళ్ళు లేని చెక్క పలకతో పోగు వాలిన వైపుకే నీటిని తోశారు. చప్టా చివర కాఫీ రంగులో పారిన నీరు తేటపడేవరకు అదే పని. ఆ తరువాత తేలికపాటి సబ్బుతో రెండుసార్లు కడిగి, చివరగా కొంచెం వెనిగర్ కలిపిన నీటితో తడిపారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆరబెట్టిన పద్ధతి. నీటిని యంత్రంతో పీల్చి తీశాక తివాచీని తాడు మీద వేలాడదీయలేదు. తడి బరువుకు ఆకారం సాగిపోతుందట. నీడలో, నేలకు అడుగున్నర ఎత్తున కట్టిన వెదురు దడి మీద పరిచి, పైనుంచి, కిందనుంచి ఫ్యాన్లు పెట్టి, రోజుకు రెండుసార్లు తిరగేశారు. నాలుగవ రోజు నేను వెళ్ళి చేత్తో తాకి ఆరిపోయిందన్నాను. ఆయన ఏమీ అనకుండా దాన్ని కాటా మీద పెట్టించి, ముందు రోజు బరువు రాసిన నోటుపుస్తకం నా ముందుకు జరిపారు. ఇంకా తగ్గుతూనే ఉంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను లోపల దాచుకున్నా చేతికి తడి తెలియదు. శ్రావణ మాసపు మన గాలిలో ఆ తేమ బయటికి రావడం మరీ ఆలస్యం. వరుసగా రెండు రోజులు కాటా ముల్లు ఒకే చోట ఆగిన తరువాతనే కబురు చేశారు.

లోపాలూ ఉన్నాయి. 12 రోజులని చెప్పిన పని 23 రోజులు పట్టింది. ఆలస్యం అవసరమే కావచ్చు గానీ, ఆ మాట వారే ఫోన్ చేసి చెప్పవలసింది. సరుకు అప్పగించినప్పుడు దాని స్థితి రాసిన రసీదు ఇవ్వలేదు. ఏటి నీటిలో మురుగు కూడా కలుస్తుంది కదా, సూక్ష్మక్రిములు పోవడానికి ఏం వాడారని అడిగితే స్పష్టమైన సమాధానం రాలేదు. చిన్నపిల్లలున్న ఇంటివారు ఈ విషయం ముందే తేల్చుకోవాలి. ఇంటికి వచ్చి తీసుకువెళ్ళే ఏర్పాటు లేదు.

తొమ్మిది అడుగులకు ఆరడుగుల తివాచీకి చదరపు అడుగుకు 100 రూపాయల చొప్పున 5,400, ఊడిన అంచు కుచ్చులు తిరిగి కట్టినందుకు మరో 900 తీసుకున్నారు. అటువంటిది ఇప్పుడు కొత్తగా నేయించుకునే స్తోమత మాకు లేదు, కనుక ఈ ధర నాకు ఎక్కువనిపించలేదు. ఒక మూల నూలు పడుగు నుంచి పైకి తేలిన గోధుమరంగు మరక అలాగే ఉండిపోయింది. దాన్ని తీయబోతే పక్కనున్న ఎరుపు చెదురుతుందని ముందే చెప్పారు. వాసన మాత్రం లేదు. గత శ్రావణ శుక్రవారం పేరంటానికి దాన్ని హాల్లో పరిచినప్పుడు మా అత్తగారు దాని మీద కూర్చుని, ఆ మూలను చేత్తో సవరించి, తాంబూలాల పళ్ళెం అక్కడ పెట్టించారు.