ఇంట్లో వడ్రంగి పనికి చోటు: ఖాళీ గది, కారు షెడ్, విడిగా కట్టుకోవడం... ఏది మేలు?

వడ్రంగం సరదాగా మొదలుపెట్టి ఒకటి రెండు స్టూళ్లు, ఓ పుస్తకాల అర చేశాక అందరికీ వచ్చే సందేహం ఒకటే. "ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, అందులో సర్దుకోమంటారా? కారు షెడ్ చాలా? లేక పెరట్లో విడిగా కట్టేసుకోవడం మంచిదా?" ఈ మధ్య ఈ ప్రశ్న నా దగ్గరికి మరీ ఎక్కువగా వస్తోంది. నేను ఏడేళ్లు ఇంటి వెనక గదిలో పనిచేశాను. తర్వాత ఒక ఏడాది స్నేహితుడి కారు షెడ్‌లో చేశాను. కిందటేడాది విడిగా కట్టుకున్నాను. మూడింట్లోనూ పని చేశాను కాబట్టి చూసిందే చెబుతాను.

చాలామంది ముందుగా అడిగేది ఎన్ని చదరపు అడుగులు కావాలని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ఎనిమిదడుగుల చెక్క ఎటునుంచి లోపలికి వస్తుంది, రంపం మీదుగా ఎటు పోతుంది అన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు దొరికితే గది ఎంపిక, తలుపు ఎక్కడ, ఏ మిషన్ కొనాలి అన్నవి సగం తేలిపోతాయి.

టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే రంపం మిషన్) మీద ఎనిమిదడుగుల పలకను పొడవునా చీల్చాలనుకోండి. కోత మొదలయ్యేటప్పుడు పలక మొత్తం బ్లేడుకు ఇవతల ఉంటుంది, పూర్తయ్యేసరికి మొత్తం అవతల ఉంటుంది. పలకకే 16 అడుగులు పోయాయి. మీరు నిలబడడానికి, అవతలి కొస గోడకు ఆనకుండా కాస్త ఎడం వదలడానికి ఇంకో మూడడుగులు వేసుకోండి. మొత్తం 19. ఇదేదో ఎప్పుడో ఒకసారి వచ్చే అవసరం కాదు. ప్లైవుడ్ షీట్ మామూలు సైజే 8 అడుగులు × 4 అడుగులు, అంటే 2440 × 1220 మిల్లీమీటర్లు. 18 మిల్లీమీటర్ల మందం షీట్ అయితే 30 కిలోలకు పైనే తూగుతుంది. అంత బరువును రంపం మీద నెడుతూ మధ్యలో ఆగి దారి వెతుక్కోవడం కుదరదు.

ఇప్పుడు రెండు గదులు ఊహించుకోండి. ఒకటి 12 × 20, ఇంకోటి పదిహేనున్నర × పదిహేనున్నర. రెండూ దాదాపు 240 చదరపు అడుగులే. మొదటి దానిలో రంపాన్ని పొడవు వాటంగా మధ్యలో పెడితే ఎనిమిదడుగుల పలక హాయిగా వెళ్తుంది. రెండో దానిలో ఎటు తిప్పినా గోడ అడ్డం వస్తుంది. మూలవాటుగా పెడితే దాదాపు 22 అడుగులు దొరుకుతాయి కానీ, అప్పుడు రంపానికి రెండు పక్కలా త్రికోణపు ఖాళీలు మిగులుతాయి. వాటిలో బెంచీ సరిగ్గా పట్టదు, బీరువా పట్టదు. చూడడానికి విశాలంగా ఉండే చతురస్రపు గది కన్నా ఇరుకుగా కనిపించే పొడుగు గది పనికి మేలని నేను అనేది అందుకే.

ఈ సంగతి నాకు లెక్కలతో తెలియలేదు. నా వెనక గది 12 × 14. రంపం గది నడిమధ్యలో ఉండేది. ఒక సాయంత్రం అలమర అర కోసం ఏడడుగుల టేకు పలక చీలుస్తున్నాను. ఇంకో నాలుగంగుళాల కోత మిగిలి ఉండగా పలక ముందు కొస గోడకు ఆనింది. బ్లేడు అక్కడే తిరుగుతోంది, చెక్క కాలిన వాసన మొదలైంది. స్విచ్ ఆపాలంటే ఒక చెయ్యి తియ్యాలి, తీస్తే పలక పక్కకు జరిగి బ్లేడు వెనక పళ్లకు తగిలి నా మీదికి విసిరేస్తుంది. మోకాలితో స్విచ్ నొక్కి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా రెండు చేతులూ అలాగే బిగబట్టి ఉంచాను. అంచు మీద బొటనవేలంత వెడల్పున నల్లటి మచ్చ పడింది. చిత్రిక మూడు పట్లు పట్టినా పూర్తిగా పోలేదు. కొలిచి ఉంటే ముందే తెలిసేది. ఎనిమిదడుగుల సన్నటి బద్ద ఒకటి తీసుకుని, రంపం ఎక్కడ ఉంటుందో నేల మీద సుద్దముక్కతో గీసి, ఆ బద్దను నెట్టుకుంటూ నడిచి చూడండి. పది నిమిషాల పని. గది నిర్ణయించే ముందు ఇది చెయ్యని వాళ్లకు నేను ఇంకే సలహా చెప్పను.

ఈ కొలబద్దతో చూస్తే ఖాళీ గది ముందే వెనకబడిపోతుంది. గది లోపల చోటు సరే, గదిదాకా చెక్క రావాలి కదా. మూడడుగుల వెడల్పున్న వసారా ఎల్ ఆకారంలో మలుపు తిరిగితే, అడ్డంగా పట్టుకున్న బద్ద ఎనిమిదిన్నర అడుగులు దాటితే ఆ మలుపు తిరగదు. ప్లైవుడ్ షీట్ అంచు మీద నిలబెట్టి తెస్తే గీసుకుంటూ పడుతుంది, పదడుగుల పలక మాత్రం పట్టదు. మెట్లు ఉంటే ఇంకా కష్టం. చేసిన వస్తువు బయటికి వెళ్లడం మరో సమస్య. ముప్ఫై అంగుళాల తలుపులోంచి మూడడుగుల లోతున్న బల్ల ఎలా తీస్తారో మొదటి కీలు బిగించకముందే ఆలోచించుకోవాలి.

అయినా గదికి ఒక గొప్ప గుణం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని వెడల్పు వాటంలో ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పొడవులో మార్పు దాదాపు ఉండదు. చెక్కలో తేమ నాలుగు శాతం మారితే అడుగు వెడల్పు పలక సుమారు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. తేమగా ఉండే షెడ్‌లో బిగించిన సొరుగు ఇంట్లోకి వచ్చాక వదులవుతుంది, లేదా పలక నెర్రె విచ్చుతుంది. ఇంటి గదిలో చేస్తే చెక్క తాను ఉండబోయే గాలిలోనే తయారవుతుంది. ఉలి, చిత్రిక, చేతి రంపంతో పనిచేసే వాళ్లకు, చిన్న పెట్టెలు, స్టూళ్లు చేసే వాళ్లకు గదిని మించింది లేదు. రాత్రి అరగంట దొరికినా వెళ్లి కూర్చోవచ్చు.

మిషన్లు పెడితే మాత్రం రెండు ఇబ్బందులు. చెక్కలో గాడులు తొలిచే రూటర్ లాంటి మిషన్ చప్పుడు 100 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. ఆ స్థాయిలో చెవికి రక్షణ లేకుండా రోజుకు 15 నిమిషాలు మించకూడదని నిపుణుల లెక్క. మీరు చెవులకు మఫ్ పెట్టుకుంటారు, పక్క గదిలో నిద్రపోతున్న వాళ్లు పెట్టుకోరు. రెండోది దుమ్ము. చిత్రిక పడితే రాలే పొట్టు హాని చెయ్యదు, ఊడ్చేస్తే పోతుంది. రంపం, చెక్కను గీకి నునుపు చేసే శాండర్ లేపే సన్నటి దుమ్ము కంటికి కనిపించదు, గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో పెట్టింది. ఆ దుమ్ము తలుపు సందులోంచి పడకగదిలోకి వెళ్తుందంటే నాకు మనసొప్పదు. విడిగా కట్టుకున్నా మీరు పీల్చే దుమ్ము తగ్గదు, మాస్కూ డస్ట్ కలెక్టరూ అక్కడా కావాలి. కానీ ఇంట్లో పిల్లల దాకా రాదు.

కారు షెడ్‌కి వస్తే, చెక్క దారి విషయంలో దానికి వంక పెట్టలేం. అది పొడుగ్గానే ఉంటుంది, ముందు గోడ మొత్తం తలుపే. షట్టర్ ఎత్తితే పన్నెండడుగుల పలకైనా బయటికి సాగిపోతుంది. లారీలోంచి దించిన షీట్ నేరుగా రంపం దగ్గరికే వస్తుంది. రెండు లోపాలు చూసుకోండి. నీళ్లు పోవడానికి నేల షట్టర్ వైపు వాలుగా పోసి ఉంటారు. ఆ నేల మీద అలమర బిగిస్తే కాళ్లు నాలుగూ ఆనినట్టే ఉంటాయి, ఇంట్లో పెట్టాక తలుపులు కలవవు. బిగించే బల్ల కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టి, లెవెల్ చూసుకోవాలి. రెండో లోపం కారు. సాయంత్రం గంటన్నర దొరికితే మిషన్లు బయటికి లాగడానికి ఇరవై నిమిషాలు, మళ్లీ సర్దడానికి ఇరవై. స్నేహితుడి షెడ్‌లో ఏడాది అలాగే గడిపాను. మొదటి నెలలో ఉన్న ఉత్సాహం మూడో నెలకు లేదు. కారును శాశ్వతంగా బయట పెట్టగలిగితే మాత్రం కొత్తగా కట్టే ఖర్చు దండగ, ఉన్న షెడ్‌నే వాడుకోండి.

మేడ మీద రేకులు వేసుకుంటామని కొందరు అంటారు. ముప్ఫై కిలోల షీట్ మెట్ల మీదుగా మోసి చూశాక మాట్లాడుకుందాం. వాడేసిన కంటైనర్ పొడవు బాగానే ఉంటుంది, వెడల్పు ఎనిమిదడుగులే, ఎండకు లోపల నిలబడలేం.

ఇక విడిగా కట్టుకోవడం. నా ఓటు దీనికే, స్థలం ఉంటే. ఎందుకంటే చెక్క దారిని ముందు గీసుకుని, దాని చుట్టూ గోడలు లేపే అవకాశం ఇందులోనే ఉంది. నేను 12 × 20 కట్టాను. తలుపు పొట్టి గోడకు, సరిగ్గా రంపం ఎదురుగా పెట్టాను. రెండు రెక్కల తలుపు, గడప లేదు, నేల సమంగా బయటికి సాగుతుంది. టేబుల్ సా ఎత్తు 34 అంగుళాలు, వర్క్‌బెంచ్ దానికంటే పావు అంగుళం తక్కువ. రంపం వెనకే బెంచీ ఉంది కాబట్టి చీల్చిన పలకను ఎవరూ పట్టుకోనక్కర్లేదు, బెంచీ మీదికే జారుతుంది. పక్క గోడకున్న కిటికీ అడుగు అంచు నేల నుంచి 33 అంగుళాలు. అడ్డకోత రంపం దాని వరుసలో ఉంది. పొడుగు బద్ద వస్తే కిటికీ తెరుస్తాను, బద్ద బయటికి వెళ్తుంది. ఈ కిటికీ వల్ల నాకు నాలుగడుగుల గది కలిసొచ్చింది. కప్పు ఎత్తు పదడుగులు పెట్టమంటాను. ఎనిమిదడుగుల షీట్ నిలబెట్టి తిప్పేటప్పుడు లైటు పగలకూడదు.

ఇందులో జాగ్రత్తపడాల్సింది తేమ. వట్టి రేకు కప్పు రాత్రిపూట ఆకాశానికి వేడి వదిలేసి గాలి కంటే చల్లబడుతుంది, కింది వైపు తేమ నీరై చుక్కలు చుక్కలుగా రాలుతుంది. పొద్దున వచ్చి చూస్తే పోత ఇనుప బల్ల మీద నారింజ రంగు చుక్కలు. రేకు కింద ఇన్సులేషన్ షీట్ వేయించండి, మిషన్ బల్లలకు మైనం పట్టించండి. స్లాబ్ వేస్తే చుక్కలు రాలవు కానీ, పగలంతా పీల్చిన వేడిని సాయంత్రం, సరిగ్గా మనం పనికి వెళ్లే వేళకు వదులుతుంది. నేను ఇన్సులేషన్ వేసిన రేకే ఎంచుకున్నాను. నేల కాంక్రీట్ కింద పాలిథీన్ పరవడం మర్చిపోవద్దు, తర్వాత చెయ్యలేం.

కరెంటు గురించి రెండు మాటలు. ఇంటి బోర్డు నుంచి షెడ్ 30 మీటర్లు ఉందనుకోండి. రెండు హార్స్‌పవర్ మోటార్ నడిచేటప్పుడు పది ఆంపియర్లే లాగినా, స్టార్ట్ అయ్యే క్షణంలో ఐదారు రెట్లు లాగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 50 ఆంపియర్ల దగ్గర 22 వోల్టులు దారిలోనే పోతాయి, మోటార్ మూలుగుతుంది. 6 వేస్తే నష్టం తొమ్మిదికి తగ్గుతుంది. లైట్లకు విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉండాలి. మోటార్ లోడ్‌కి ఎంసీబీ పడిపోయినప్పుడు బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఆ సమయంలో చీకటి కాకూడదు.

ఏ రంపం కొనాలన్నదీ ఇదే లెక్కలోకి వస్తుంది. టేబుల్ సా, బ్యాండ్ సా (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే సన్నటి బ్లేడున్న రంపం) రెండింటిలోనూ చెక్క కదులుతుంది, రంపం ఉన్నచోటే ఉంటుంది. రెండింటికీ ఆ 19 అడుగుల దారి కావాలి. బ్యాండ్ సా కోత సన్నం, ఒక మిల్లీమీటర్ చుట్టూ ఉంటుంది, టేబుల్ సా అయితే మూడు. పైగా బ్యాండ్ సా బ్లేడు చెక్కను బల్ల మీదికే నొక్కుతుంది, మన మీదికి విసరదు. పెద్ద దుంగ చెక్కలు చీల్చే వాళ్లు దానికే వెళ్లండి. ట్రాక్ సాలో మాత్రం చెక్క ఆగి ఉంటుంది, రంపమే పట్టాల మీద నడుస్తుంది. షీట్‌ను నేల మీద థర్మాకోల్ పలక వేసి పడుకోబెట్టి కోస్తే 12 అడుగుల గదిలోనే ఎనిమిదడుగుల కోత పూర్తవుతుంది. ఖాళీ గది తప్ప వేరే దారి లేని వాళ్లకు నేను చెప్పేది ట్రాక్ సా, మంచి వాక్యూమ్, చేతి పనిముట్లు. 12 × 14 గదిలో టేబుల్ సా నేను కొనకుండా ఉండాల్సింది.

విడిగా కట్టే వాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. రంపం గది మధ్యలో ఉంటుంది కాబట్టి దాని వైరు, డస్ట్ కలెక్టర్ పైపు నేల మీద అడ్డం పడతాయి, పలక నెడుతూ నడిచే కాలికి అవే తగులుతాయి. కాంక్రీట్ పొయ్యకముందే గోడ నుంచి రంపం దాకా కరెంటుకు ఒక గొట్టం, దుమ్ముకు నాలుగంగుళాల పీవీసీ పైపు ఒకటి నేలలో వేయించండి. దుమ్ము పైపు మలుపు 90 డిగ్రీల ఎల్బోతో కాకుండా రెండు 45 డిగ్రీల ముక్కలతో తిప్పించండి, పొట్టు ఇరుక్కోదు.