మెట్‌కాఫ్ 'కంట్రీ స్టేషన్' కిట్: మంచి అట్ట, తెల్లటి మూలలు

ఇది మోడల్ రైళ్ల పక్కన పెట్టుకునే బుల్లి స్టేషన్ కిట్, మొత్తం అట్టే. రంగులు అచ్చేసి, కోసి, మడతల గీతలు కొట్టి ఇస్తారు. బ్లేడు, జిగురు మనమే తెచ్చుకోవాలి. కంపెనీ యార్క్‌షైర్‌లో స్కిప్టన్ దగ్గర బెల్ బస్క్ అనే పల్లెలో ఉంది. తమాషా ఏంటంటే స్టేషన్ బొమ్మలు చేసే ఆ ఊళ్లో అసలు స్టేషనే మూతబడింది. 1849లో తెరిచి 1959లో మూసేశారు. ఇంగ్లండ్‌లో స్టేషన్ పోయిందంటే చాలు, పాపం 1963 నాటి బీచింగ్ నివేదిక మీద వేస్తారు. 2,363 స్టేషన్లు, హాల్టులు మూసేయమన్న నివేదికే అది, కానీ బెల్ బస్క్ అంతకు నాలుగేళ్ల ముందే పోయింది. రైళ్లు ఇప్పటికీ ఆ ఊరి మీదుగానే వెళ్తాయి, ఆగవంతే. కిట్ ఆ స్టేషన్‌కి నకలు కాదు గానీ, పల్లె స్టేషన్ వాలకం మాత్రం బాగా పట్టుకుంది.

ముక్కల్ని చేత్తో తుంచకండి, అంచున రంగు పొర లేచిపోతుంది. కొత్త బ్లేడుతో కోసి, జిగురు లేకుండా ఒకసారి నిలబెట్టి చూడండి. మడిచిన మూలల దగ్గర తెల్లటి అట్ట బయటపడుతుంది. దీని అసలు లోపం ఇదే. అతికించకముందే గోడ రంగు వాటర్ కలర్ పెన్సిల్ రుద్దాలి. జిగురు ఆరినచోట రంగు పట్టదు.

జిగురుకి కోఠీలో ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికే ఫెవికాల్ ఎంఆర్ చాలు. పంటిపుల్లతో సన్నగా పూయాలి, ఎక్కువైతే అట్ట తడి పీల్చి వంకరపోతుంది. మన హైదరాబాద్ ముసురు రోజుల్లో మరీను: అతికిన గోడల మీద రాత్రంతా బరువు పెట్టి ఉంచండి. కిటికీ ప్లాస్టిక్‌కి మాత్రం ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరికి తెల్లగా మసకబారుతుంది.

దీని పక్కన ఎంఎంటీఎస్ మోడల్ ఆపుదామనుకునేవాళ్లు ముందు లెక్క చూసుకోవాలి. ఇది ఓఓ అనే బ్రిటిష్ మోడల్ రైళ్ల స్కేలు, అసలు దాన్లో ఒక అడుగు మోడల్లో 4 మి.మీ. ఓఓ పట్టాల మధ్య 16.5 మి.మీ. ఉంటుంది, మన 1,676 మి.మీ. బ్రాడ్ గేజ్ ఇదే స్కేల్లో 22 మి.మీ. అవుతుంది. మన బోగీ కూడా వెడల్పే కాబట్టి ప్లాట్‌ఫాం అంచు వెనక్కి జరపక తప్పదు. కాచిగూడ గుమ్మటాల సంగతి సరేసరి, ఈ ముక్కల్లోంచి రావు.

లోపల ఎల్‌ఈడీ పెడితే మూలల సందుల్లోంచి వెలుతురు కారుతుంది, గోడల లోపలివైపు నల్లరంగు పూయండి. కప్పు అతికించొద్దు, బల్బు పోతే తీయాలిగా.