నడవని ఎలక్ట్రిక్ సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో కొని బాగుచేసుకున్నా: ఆర్నెల్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, నేను కొన్నది నడవని సైకిల్. 36 వోల్టుల బ్యాటరీ, వెనక చక్రంలో 250 వాట్ల గేర్డ్ హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే ఉండి, లోపల చిన్న గేర్లుండే రకం), అమ్మినాయన మాటల్లో చెప్పాలంటే "మోటార్ పోయింది, మిగతా అంతా బానే ఉంది". ఇప్పుడు రోజూ దాని మీదే తిరుగుతున్నా, ఆర్నెల్లు దాటింది. అందుకని ఈ రివ్యూలో ఆ సైకిల్ గురించి కొంచెమే ఉంటుంది, అసలు ఇలాంటి పాడైన బండి కొనాలా వద్దా అని ఎలా తేల్చుకోవాలో ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే దీనికి ముందు ఒకటి చూసి చాలా ఆశపడి వదిలేశా, అలా వదిలేసినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

ఆ మొదటిది చూడ్డానికి కొత్తదాన్లా ఉంది. మిడ్ డ్రైవ్, అంటే మోటార్ పెడల్స్ దగ్గర ఉండే రకం, ఫ్రేమ్ మీద గీత లేదు, ఆన్ చేస్తే డిస్‌ప్లేలో ఎర్రర్ కోడ్ వచ్చి ఆగిపోతోంది, అంతే. ఇదెంత పనిలే అనిపిస్తుంది ఎవరికైనా. కానీ పెద్ద బ్రాండ్ల మిడ్ డ్రైవ్ సిస్టమ్స్‌లో బ్యాటరీ, మోటార్, డిస్‌ప్లే మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, బయట నుంచి అదే వోల్టేజ్ ఉన్న వేరే బ్యాటరీ తెచ్చి పెట్టినా మోటార్ ఒప్పుకోదు, కొన్ని ఎర్రర్లు పోవాలంటే డీలర్ దగ్గరుండే సాఫ్ట్‌వేరే కావాలి. అంటే మన చేతిలో వోల్టులు కొలిచే మీటర్ ఉన్నా, సోల్డరింగ్ ఐరన్ ఉన్నా, ఓపిక ఉన్నా ఉపయోగం లేదు. 2023 జులైలో నెదర్లాండ్స్‌లో వాన్‌మూఫ్ కంపెనీ దివాలా తీసినప్పుడు ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది, సైకిల్ అన్‌లాక్ చేసే కీ యాప్ ద్వారా కంపెనీ సర్వర్ నుంచి రావాలి, సర్వర్ ఆగిపోతే మా సైకిల్ మాకే తెరుచుకోదేమో అని కొన్నవాళ్లంతా కంగారుపడ్డారు, చివరికి వాళ్లకి పోటీగా ఉన్న కౌబాయ్ కంపెనీ ఆ కీని ఫోన్‌లో దాచుకోడానికి ఒక యాప్ చేసిచ్చింది. సైకిల్ మనదే అయినా దాని తాళం ఇంకొకళ్ల దగ్గరుంటే రిపేర్ కోసం అలాంటిది కొనొద్దని నా గట్టి అభిప్రాయం.

రెండోది, అంటే నేను కొన్నది, చూడ్డానికి అంత బాలేదు. చెయిన్ తుప్పు, వెనక రెండు చువ్వలు విరిగున్నాయి, సీటు చిరిగింది. కానీ అన్నీ విడివిడి పార్టులు, ఏది పోతే అది మార్చుకోగలిగే మామూలు రకం. అమ్మేటాయన పెద్దాయన. "చిన్న ప్రాబ్లమే బాబూ, చేతనైనవాళ్లు చూస్తే గంటలో అయిపోద్ది" అన్నారు. నేను బేరం మొదలుపెట్టకుండా "ఎప్పుడు ఆగిందండీ, ఆగేముందు ఏం జరిగింది?" అని అడిగా. కాసేపు ఆలోచించి "వెనక చక్రం పంక్చర్ వేయించా, వారం నడిచింది, తర్వాత ఒకరోజు పోతూ పోతూ టక్కున పట్టేసినట్టు ఆగింది" అన్నారు. ఈ ఒక్క ముక్క నాకు సగం పని తగ్గించింది. మీరు కూడా ఏం పాడైందీ అని అడక్కండి, ఆయనకి తెలిస్తే బాగుచేయించుకునేవాడు కదా, ఆగేముందు ఏం జరిగిందో అడగండి. వానలో తడిసిందా, కింద పడిందా, ఏడాది పాటు మూలన పెట్టేశారా, ఒక్కోదానికి ఒక్కో కథ ఉంటుంది.

ఇందులో మూలన పెట్టేశాం అన్నదే అన్నిటికంటే భయపడాల్సిన జవాబు. ఎందుకంటే ఈ సైకిల్ విలువంతా బ్యాటరీలోనే ఉంది. మోటార్ గట్టి ముక్క, కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటార్‌కి కరెంట్ ఎంత పోవాలో నడిపించే బోర్డు) చవక, వైర్లు మనమే అతికించుకోవచ్చు, బ్యాటరీ పోతే మాత్రం సైకిల్ పోయినట్టే లెక్క. 36 వోల్టుల బ్యాటరీ అంటే లోపల లిథియం అయాన్ సెల్స్ 10 గ్రూపులుగా వరసగా కలిపుంటాయి, ఒక్కో సెల్ ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టులు, అంటే మొత్తం 42, అందుకే ఛార్జర్ మీద కూడా 42 అని ఉంటుంది. 48 వోల్టులది అయితే 13 గ్రూపులు, ఫుల్ అంటే 54.6. సెల్ ఒక్కోటి 3 వోల్టుల దగ్గరికి వచ్చిందంటే ఖాళీ అయినట్టు. అక్కడితో ఆగకుండా నెలల తరబడి అలా వదిలేస్తే బీఎంఎస్ బోర్డు (బ్యాటరీ లోపలే ఉండి సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) తాగే కొంచెం కరెంట్‌కే అది 2 వోల్టుల కిందకి కూడా జారిపోతుంది, అప్పుడు సెల్ లోపలున్న రాగి రేకు కరగడం మొదలవుతుంది, మళ్లీ ఛార్జ్ పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. చచ్చిన బ్యాటరీని లేపుతాం అని చూపించే వీడియోలు చూసి ఎవరూ ఆ పని చేయకండి, దయచేసి. లేచినట్టే కనిపిస్తుంది, ఛార్జ్ ఎక్కుతుంది, ఏదో ఒక రాత్రి ఇంట్లో అంటుకోవచ్చు. లిథియం బ్యాటరీ మంట మామూలు మంటలా కాదు, ఒక సెల్ వేడి పక్క సెల్‌కి అంటుకుంటూ పోతుంది, పొగ కూడా విషమే. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరితోనూ వాదించను.

అందుకే నాతో మల్టీమీటర్ తీసుకెళ్లా. బ్యాటరీ తీసి కొలిస్తే 37.4 చూపించింది. అంటే ఒక్కో గ్రూపు సగటున 3.74, ఆరోగ్యంగానే ఉంది. 30 కంటే తక్కువ చూపించుంటే బ్యాటరీ లేనట్టే లెక్కేసుకుని, కొత్త బ్యాటరీ ధర కూడా కలుపుకుని చూసేవాణ్ణి, అలా కలిపితే చాలాసార్లు పనిచేసే సెకండ్ హ్యాండ్ బండే వచ్చేస్తుంది. సున్నా చూపిస్తే బీఎంఎస్ కట్ చేసుండొచ్చు, ఫ్యూజ్ పోయుండొచ్చు, లోపల నిజంగా ఏముందో తెరవకుండా తెలీదు, అలాంటిదాన్ని బ్యాటరీ కింద లెక్కెయ్యొద్దు. ఇంకా డబ్బా ఉబ్బిందా, పగిలిందా, పిన్నుల దగ్గర పచ్చగా చిలుం పట్టిందా, కరిగిన గుర్తులున్నాయా చూశా. ఛార్జర్ పెట్టమన్నా, ఎర్ర లైట్ వచ్చింది, మీటర్‌లో వోల్టేజ్ నెమ్మదిగా ఎక్కడం కనిపించింది. బ్యాటరీ తాళంచెవి, ఒరిజినల్ ఛార్జర్ రెండూ ఆయన దగ్గర ఉన్నాయి, పెడల్స్ కింద ఫ్రేమ్ నంబర్ కూడా శుభ్రంగా ఉంది. ఆ రెండూ లేకుండా, నంబర్ గీకేసి ఉంటే అది ఎవరి సైకిలో అన్న అనుమానం రావాలి, అక్కడ్నుంచి వచ్చేయాలి.

ఇక మోటార్. గేర్డ్ హబ్ మోటార్‌ని చక్రం ముందుకి తిప్పి చూసి బానే తిరుగుతోంది అనుకుంటారు చాలామంది. లోపల ఫ్రీవీల్ లాంటిది ఉంటుంది కాబట్టి ముందుకి తిప్పితే మోటార్ అసలు కదలదు, వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పితే కొంచెం బరువుగా తిరగాలి. ఇది మాత్రం రాయిలా పట్టేసి గుడగుడమంటూ కదిలింది. ఇలా ఉంటే మూడు లావు వైర్లు, అంటే ఫేజ్ వైర్లు, ఎక్కడో ఒకదానికొకటి కలిసిపోయాయని అర్థం. కంట్రోలర్‌లో మాస్‌ఫెట్లు, అంటే కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే చిప్పులు, కాలిపోయినా ఇలాగే పట్టేస్తుంది, అది తేల్చడానికి మోటార్ కనెక్టర్ ఊడదీసి మళ్లీ తిప్పాలి, వదులైతే తప్పు కంట్రోలర్‌ది. నాది ఊడదీసినా వదులవలేదు. అంటే షార్ట్ మోటార్ వైపే ఉంది, వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్లు) కాలిందో కేబుల్ నలిగిందో. వాసన చూశా, కాలిన వార్నిష్ వాసన లేదు. ఆయన చెప్పిన పంక్చర్ కథ గుర్తొచ్చి ఇరుసు దగ్గర లైట్ వేసి చూస్తే కేబుల్ లోపలికి పోయే చోట మెలిపడి, నట్టు అంచు కింద కోసుకుపోయి ఉంది. చక్రం తీసి పెట్టినవాళ్లు కేబుల్ చూసుకోకుండా బిగించేశారన్నమాట. హబ్ మోటార్లకి ఇది చాలా మామూలుగా వచ్చే జబ్బు, కేబుల్ ఆ ఇరుసు బోలులోంచే పోవాలి, సైకిల్ ఆ పక్కకి పడినా దెబ్బ అక్కడే తగుల్తుంది. నాకు కనిపించింది ఆయనకి కూడా చూపించా, దాచాలనిపించలేదు. "అయ్యో, ఇదా!" అన్నారు, అయినా ఆయనకి రిపేర్ మీద ఓపిక లేదు, ఇంట్లోంచి పోతే చాలన్నారు. ఇద్దరికీ నచ్చిన ధరకే తెచ్చుకున్నా.

ఇంటికొచ్చాక రెండు సాయంత్రాలు కేబుల్‌కే పట్టింది. మోటార్ కవర్ విప్పి, దెబ్బతిన్న ముక్క కోసేసి, మూడు ఫేజ్ వైర్లు, ఐదు సన్న హాల్ సెన్సర్ వైర్లు (మోటార్ ఎంత తిరిగిందో కంట్రోలర్‌కి చెప్పే సెన్సర్లవి) ఒక్కోటి సోల్డర్ చేసి హీట్ ష్రింక్ ట్యూబ్ వేశా. లోపల నైలాన్ గేర్లు చూస్తే పళ్లు బానే ఉన్నాయి, కొత్త గ్రీజ్ పెట్టా. వెనక్కి తిప్పితే మెత్తగా తిరిగింది, ఆ క్షణం ఎంత ఆనందమేసిందో చెప్పలేను! తర్వాత సిస్టమ్ ఆన్ చేసి చక్రం నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ మూడు హాల్ సిగ్నల్స్ ఒక్కోటి కొలిచా, సున్నాకి 5 వోల్టులకి మధ్య మారుతూ ఉంటే ఆ సెన్సర్ బతికున్నట్టు, మూడూ మారాయి. ఇంక అయిపోయింది అనుకుని త్రాటిల్ తిప్పితే ఒక్క కుదుపు కుదిపి ఆగింది. షార్ట్ అయిన మోటార్‌ని లాగబోయి కంట్రోలర్ కూడా దెబ్బతింది. మీటర్‌ని డయోడ్ టెస్ట్‌లో పెట్టి కొలిస్తే కంట్రోలర్ నల్ల వైరుకి ఒక్కో ఫేజ్‌కి మధ్య అర వోల్టు చూపించాల్సింది, రెండు సరిగానే చూపించాయి, మూడోది సున్నా.

కొత్త కంట్రోలర్ తెచ్చేముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది, కంట్రోలర్, డిస్‌ప్లే ఒక జత. కనెక్టర్ సరిపోయినంత మాత్రాన పాత డిస్‌ప్లే కొత్త కంట్రోలర్‌తో మాట్లాడదు. నేను రెండూ కలిపే తీసుకున్నా, 36 వోల్టులకి సరిపడేది, కరెంట్ లిమిట్ పాతదాని మీద రాసినంతే ఉన్నది. ఎక్కువ ఆంపియర్లది వేస్తే పికప్ బాగుంటుందని ఆశ పుడుతుంది, కానీ ఆ లోడంతా మోయాల్సింది పాత బ్యాటరీ. మీరు కొనేముందు వేసుకునే లెక్కలో కంట్రోలర్, డిస్‌ప్లే, టైర్, ట్యూబ్, చెయిన్, బ్రేక్ ప్యాడ్లు పోయినట్టే అనుకుని వేసుకోండి, అప్పటికీ గిట్టుబాటైతేనే కొనండి. నాకు అవన్నీ మార్చాల్సే వచ్చింది, విరిగిన రెండు చువ్వలతో సహా. హబ్ మోటార్ చక్రానికి చువ్వలు విరగడం మామూలే, మిగతావి కూడా ఒకే టెన్షన్‌లో ఉన్నాయా అని చూసుకోకపోతే నెలకొకటి విరుగుతూనే ఉంటుంది.

కొన్నిసార్లు ఇంత కథ కూడా ఉండదు. బ్రేక్ లివర్‌లో మోటార్ ఆపే చిన్న స్విచ్ ఉంటుంది, అది ఇరుక్కుపోతే సైకిల్ మొత్తం చచ్చినట్టే కనిపిస్తుంది, ఆ వైరు ఊడదీస్తే పరిగెత్తుతుంది. తెలిసినవాళ్ల సైకిల్ ఒకటి మోటార్ పోయిందనుకుని అమ్మేయబోతుంటే ఇదే తేలింది. అందుకే అమ్మేవాళ్ల దగ్గరే ఆ రెండు బ్రేక్ వైర్లు తీసి ఒకసారి చూడాలి.

మళ్లీ బ్యాటరీకే వస్తా. దాని మీద 10.4 ఆంపియర్ అవర్ అని ఉంది, అంటే 374 వాట్ అవర్. వాట్ మీటర్ పెట్టి ఫుల్ నుంచి కట్ అయ్యేదాకా నడిపితే 7.3 ఆంపియర్ అవర్ వచ్చింది, అంటే సుమారు 70 శాతం మిగిలింది. నేను తొక్కుతూ వెళ్తే కిలోమీటర్‌కి 11 వాట్ అవర్ దాకా అవుతోంది కాబట్టి 23, 24 కిలోమీటర్లు వస్తుంది. నా రోజువారీ తిరుగుడికి సరిపోతుంది, ఎక్కువ దూరం పోయేవాళ్లకి ఇది చాలదు. ఛార్జ్ పెట్టినప్పుడు నేను మెలకువగా, పక్కనే ఉంటా, బయటికి పోయే దారిలో మాత్రం పెట్టను, అంటుకుంటే బయటపడాలి కదా.

ఎవరు కొనొచ్చు అంటే, మీటర్ పట్టుకోడం వచ్చి, ఒక నెల సైకిల్ నడవకపోయినా ఇబ్బంది లేనివాళ్లు, విడివిడి పార్టులున్న హబ్ మోటార్ సైకిల్, బ్యాటరీ కొలిచి చూసి కొనొచ్చు. రేపు పొద్దున్నే పనికి పోడానికి బండి కావాల్సినవాళ్లు, అన్నీ షాపులో చేయించుకోవాల్సినవాళ్లు వద్దు, లేబరే మింగేస్తుంది. బ్యాటరీ కొలవనివ్వని మనిషి దగ్గర ఎవరూ కొనొద్దు. నా సైకిల్‌కి ఐదుకి నాలుగు ఇస్తా, తగ్గిన ఒకటి బ్యాటరీకి.

తెచ్చిన కొత్తలో బ్యాటరీ డబ్బా తెరిచి, చేతి ఉంగరం తీసేసి, మెటల్ ఏదీ చుట్టుపక్కల లేకుండా చూసుకుని 10 గ్రూపులూ విడిగా కొలిచా. తొమ్మిది 4.15 దగ్గరున్నాయి, ఆరోది 3.98. ఫుల్ అయ్యాక కూడా ఛార్జర్ కొన్ని గంటలు ఉంచితే, నేను పక్కనే కూర్చుని, బీఎంఎస్ నెమ్మదిగా దాన్ని మిగతావాటి దగ్గరికి తెచ్చింది. వారం వాడకుండా ఉంచినప్పుడు అదొక్కటే మళ్లీ కిందకి జారుతుంటే ఆ గ్రూపులో సెల్ పోతున్నట్టు, ఇక ఆ బ్యాటరీ వాడకూడదు. ప్రతి నెలా కొలిచి ఒక కాగితం మీద రాస్తున్నా. మొన్న ఆదివారం కొలిచినప్పుడు ఆరోది 4.11, మిగతావి 4.14.