సిరొంచలో కొన్న బోడిమెడ కోడిపిల్లలు

గడ్చిరోలి జిల్లా సిరొంచలో వేసవి తీవ్రత తెలిసినవాడిని కనుక, మెడ మీద ఈకలు లేని కోళ్లు వేడిని బాగా తట్టుకుంటాయన్న కారణంతో, 'అసలు జాతి' అన్న హామీ మీద ఒక స్థానిక అమ్మకందారు వద్ద 20 పిల్లలను కొన్నాను. పిల్లలు చురుకుగా ఉన్నాయి, బొడ్డు శుభ్రంగా ఆరి ఉంది. అందుకు ఆయనను మెచ్చుకోవాలి.

జాతి విషయంలో మాత్రం మాట నిలబడలేదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ బోడిమెడ జన్యువు వచ్చిన కోడికి మెడ దాదాపు పూర్తిగా నున్నగా ఉంటుంది. ఒక్కరి నుంచే వస్తే మెడ ముందు వైపు, మేత నిలిచే సంచికి కాస్త పైన, ఈకల కుచ్చు ఒకటి మిగులుతుంది. నా పిల్లల్లో 13 పిల్లలకు ఆ కుచ్చు ఉంది. అటువంటి పుంజునూ పెట్టనూ జతకడితే సుమారు నాలుగో వంతు పిల్లలు మామూలు మెడతోనే పుడతాయి. నున్నని మెడ ఉన్నంత మాత్రాన జాతి శుద్ధమనీ చెప్పలేము, ఎందుకంటే ఈ జన్యువు ఏ నాటుకోడిలోకైనా సంకరం ద్వారా చేరగలదు.

పెంపకంలో ఇవి నన్ను నిరాశపరచలేదు. మే నెల మధ్యాహ్నం మామూలు కోళ్లు నోరు తెరిచి రొప్పుతుంటే, ఇవి చింతచెట్టు నీడలో మేత ఏరుకుంటూ తిరిగాయి. అయితే చలికాలపు రాత్రులు వీటికి గాలి తగలని గూడు తప్పనిసరి. ఆ మాట అమ్మకందారు చెప్పి ఉండవలసింది. మాంసానికైతే నిస్సంకోచంగా కొనవచ్చు. విత్తనానికైతే ప్రతి పిల్లనూ చేతిలోకి తీసుకుని మెడ ముందు భాగం చూశాకే డబ్బు ఇవ్వండి.