వేలం పాటకు ఏ గొంతు మేలు: పరుగెత్తేదా, ఆగి పలికేదా?

వేలంలో ధర చెప్పడాన్ని మనం "పాడటం" అంటాం. మొదలుపెట్టే ధర సర్కారువారి పాట, అందరికన్నా పైన నిలిచింది హెచ్చుపాట. పాడేది జనమే అయినా, శ్రుతి ఇచ్చేది మాత్రం మైకు పట్టుకున్న మనిషే. మా ఊరి గుడి కొబ్బరితోట వేలం, వినాయకుడి లడ్డూ వేలం కొన్నేళ్లుగా నేనే వేస్తున్నాను. గలగలా పరుగెత్తించమని కొందరు, ఆగి ఆగి పలకమని కొందరు ఏటా నాకు చెబుతూనే ఉంటారు.

పరుగెత్తే గొంతు వినాలంటే తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాలి. "నూటయాభై, యాభై, యాభై, అరవై..." అంటూ అంకెలు ఒకే శ్రుతిలో దొర్లిపోతుంటాయి. ధర మారిన చోట చిన్న విరుపు, అంతే. అక్కడ అదే సరి. ఎండెక్కితే చేప విలువ దిగిపోతుంది, కొని ఊళ్లోకి మోసుకెళ్లి అమ్ముకోవాల్సిన ఆడవాళ్లకు ఒక్కో నిమిషమూ విలువైనదే. కుప్పను చూడగానే ఖరీదు కట్టగల చెయ్యి తిరిగినవాళ్లు వాళ్లు. వాళ్లకు ఊరించే గొంతు అక్కర్లేదు, అంకె తేటగా వినపడితే చాలు.

లడ్డూ సంగతి వేరు. బాలాపూర్ గణేశుడి 21 కిలోల లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలు పలికింది. అంత పెరగడానికి గొంతే కారణమని అనను. భక్తి ఉంది, పరువు ఉంది, ఏటేటా పెరిగిన పేరుంది. కానీ ఇలాంటి చోట పాడేవాడు సరుకు ఖరీదు లెక్కేసుకోడు, తన మనసుతో తాను మాట్లాడుకుంటాడు. ఇంట్లోవాళ్ల ముఖం చూస్తాడు, పక్కనున్న అన్నదమ్ములతో గుసగుసలాడతాడు. దానికి వ్యవధి కావాలి. గొంతు పరుగెడితే ఆ వ్యవధి చచ్చిపోతుంది.

మొదట్లో నేనూ అరిచేవాణ్ని. అరిచేకొద్దీ గొంతు సన్నబడి కీచుమంటుంది, ఆ తొందర జనానికీ అంటుకుంటుంది. ఒక ఏడాది "రెండోసారి" అన్న వెంటనే గుక్క తిప్పుకోకుండా "మూడోసారి" అనేశాను. వెనక వరసలో ఒకాయన చెయ్యి సగం లేచి ఆగిపోయింది. గుడికి రావాల్సిన డబ్బు నా గొంతు వల్ల పోయిందని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు.

అప్పట్నుంచి "ఒకటోసారి" మామూలు గొంతుతో అంటాను. "రెండోసారి"కి స్వరం దించి, చివరి అక్షరాన్ని కాస్త సాగదీసి, ఊపిరి నిండా పీల్చుకునేంతసేపు ఆగుతాను. గొంతు తగ్గితే జనం మాటలాపి చెవి ఒగ్గుతారు. అసలు పాట చాలాసార్లు ఆ నిశ్శబ్దంలోనే లేస్తుంది. "మూడోసారి" మాత్రం నిండుగా, పొట్టలోంచి రావాలి, అందులో సందేహం వినపడకూడదు.

2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ ఆటగాళ్ల వేలంలో పాట నడిపిన మల్లికా సాగర్‌ను గమనించండి. రిషభ్ పంత్ ధర 27 కోట్లకు చేరినప్పుడూ ఆమె గొంతులో కంగారు లేదు. కోట్ల మీద కోట్లు పెరుగుతున్న చోట కూడా అరుపు అక్కర్లేదని చూపించిందామె.

ఆగే గొంతుకు ఒక ప్రమాదం ఉంది. తెలిసినవాడి కోసం ఎక్కువసేపు, తెలియనివాడికి తక్కువసేపు ఆగితే అది మోసం, జనం ఇట్టే పసిగడతారు. అందుకే మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటాను, ఎవరికైనా అంతే. పరుగు గొంతులో ఈ చిక్కు తక్కువ, ఆ మేరకు అదే నయం.

ఒకే వస్తువు, పరువుతో ముడిపడ్డ పాట అయితే నా ఓటు ఆగి పలికే గొంతుకే. కొబ్బరితోటకు మాత్రం రెండూ వాడతాను. కాపు లెక్క తెలిసిన వ్యాపారులే కాబట్టి నిరుటి ధర దాకా చకచకా తీసుకెళ్తాను. అది దాటి ఇద్దరే మిగిలాక మైకు కాస్త దూరం జరిపి, గొంతు దించుతాను.