పాత వ్యాన్ డోర్ ప్యానెల్: బాగుచేయాలా, మార్చాలా?

తలుపుకు లోపలివైపు బిగించే కవరే డోర్ ప్యానెల్. ముందు దాన్ని విప్పి వెనక్కి తిప్పి చూడండి. చాలాసార్లు విరిగేది ప్యానెల్ కాదు, క్లిప్పులే. అవి కొత్తవి వేస్తే సరిపోతుంది.

ఖర్చు: బాగుచేతకు బంక, క్లిప్పులు, కాస్త రెగ్జిన్ చాలు. మార్చాలంటే ప్యానెల్ ధరకు వెతుకులాట తోడవుతుంది.

శ్రమ: మార్చడం తేలిక. అతికించడానికి ఓపిక కావాలి. ఏబీఎస్ ప్లాస్టిక్ పగిలితే వెనకవైపు గరుకుకాగితంతో రుద్ది, ఫైబర్ మెష్ (సన్నని వల) పరిచి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే బంక) పూస్తే గట్టిగా పట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌కు మామూలు బంక అంటదు, వేడితో వెల్డింగ్ చేయడం మేలు. ఏ ప్లాస్టికో తెలిపే గుర్తు సాధారణంగా వెనకే అచ్చయి ఉంటుంది.

రిస్క్: సెకండ్‌హ్యాండ్ ప్యానెల్‌కు హ్యాండిల్, స్విచ్చుల రంధ్రాలు సరిపోతాయో లేదో కొనేముందే చూసుకోవాలి. ప్యానెల్ హార్డ్‌బోర్డ్‌ది (చెక్కపొట్టును నొక్కి చేసిన అట్ట) అయితే, అది తడికి ఉబ్బి పొరలు విడిపోతే ఏ అతుకూ నిలవదు.

అసలు శత్రువు ఆ తడే. తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు చిరిగినా, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు పూడిపోయినా కొత్త ప్యానెల్ కూడా పాడవుతుంది. ముందు అది సరిచేయండి.

పగులు చిన్నదైతే, లేదా ఆ మోడల్ ప్యానెల్ దొరక్కపోతే బాగుచేయండి. క్లిప్పులు కూర్చునే చోట్లే ఊడిపోతే మార్చండి. సామాన్లు మోసే వ్యాన్ అయితే పాతదాన్ని నమూనాగా పెట్టి 3 మి.మీ. ప్లైవుడ్ కోయించడానికే నా ఓటు.