ఆసుపత్రి సిబ్బందికి క్షయ పరీక్షలు: ఒక సేవపై నా అభిప్రాయం

మా ఆసుపత్రి సిబ్బందికి క్షయ పరీక్షలు, వార్డుల భద్రతా తనిఖీ చేసే బాధ్యతను ఈసారి బయటి సంస్థకు అప్పగించారు. ఛాతీ వార్డు నర్సుగా ఆ సేవను మొదటి నుంచి చివరిదాకా చూశాను కనుక, ఇలాంటి ఏర్పాటు చేసుకోదలచిన వారి కోసం రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసింది మాంటూ పరీక్ష (క్షయ క్రిమి సోకిందో లేదో చర్మంపై చూసే పరీక్ష) చేసిన తీరు. ముంజేతి లోపలి వైపు చర్మం పొరల్లోకి క్షయ క్రిమి ప్రొటీన్లతో చేసిన 0.1 మిల్లీలీటరు ట్యూబర్‌కులిన్ ఎక్కించగానే చిన్న బుడగలా పొంగింది. పొంగకపోతే మళ్లీ వేయాల్సి ఉంటుందని టెక్నీషియన్ చెప్పారు. 48 నుంచి 72 గంటల మధ్య చూడవలసిన ఫలితాన్ని మమ్మల్నే చూసుకొని ఫోనులో చెప్పమనకుండా, మూడో రోజు ఆవిడే వచ్చి చూశారు. కందిన ఎరుపును పక్కనపెట్టి, గట్టిపడిన భాగం అంచులను వేలి కొసతో తడిమి, పెన్నుతో గుర్తుపెట్టి, చేతికి అడ్డంగా స్కేలు ఉంచి మిల్లీమీటర్లలో నమోదు చేశారు. ఎరుపునే కొలిచి పాజిటివ్ అని రాసేసిన సందర్భాలు నేనెరుగుదును; ఆ ఒక్క పొరపాటు మనిషికి ఎన్ని రాత్రుల నిద్ర దూరం చేస్తుందో కూడా తెలుసు.

క్షయ టీకా బీసీజీ వేయించుకున్నవారికి, క్షయ క్రిమి సోకిందో లేదో చూసే ఇగ్రా రక్తపరీక్ష ఎంచుకునే వీలిచ్చారు. మాంటూ ఫలితంపై పడగల ఆ టీకా ప్రభావం దీనిపై పడదు, చూపించుకోవడానికి మళ్లీ రానక్కరలేదు. పాజిటివ్ వచ్చిన సహోద్యోగిని పక్కకు పిలిచి, క్రిమి సోకినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదనీ, లక్షణాలు, ఛాతీ ఎక్స్‌రే చూశాకే తేల్చాలనీ ఓపికగా వివరించారు.

ఎన్‌-95 మాస్కు అమరిక పరీక్షలో తలపై ముసుగు వేసి చేదు ద్రావణం చిమ్మారు. నేను రోజూ వాడే మాస్కులోంచే ఆ చేదు నా నాలుకకు తగిలింది; అంటే మాస్కు ముఖానికి సరిగా అతకడం లేదన్నమాట. ఇన్నాళ్లూ దానితోనే రోగుల పక్కన నిలబడ్డాను. వెంటనే వేరే సైజు ఇచ్చారు.

అయితే రెండు లోపాలను నేను తేలికగా తీసుకోలేను. రోగుల గదులు తుడిచే కాంట్రాక్టు కార్మికులను జాబితాలోనే చేర్చలేదు. మేము పీల్చే గాలినే వారూ పీలుస్తున్నారు. ఇక ఐసోలేషన్ గదిలో గంటకు 12 సార్లు గాలి మారాలన్న ప్రమాణానికి కాగితాలు చూసి సరే అన్నారు. వారు వెళ్లాక మూసిన తలుపు కింద టిష్యూ పేపరు పట్టుకొని చూశాను. రోగి గది గాలి బయటికి రాకూడదు కనుక లోపలికి లాగాల్సిన ఆ కాగితం వరండా వైపు రెపరెపలాడింది.

పరీక్షలకు ఈ సంస్థను ధైర్యంగా పిలవవచ్చు. తుడిచేవారి పేర్లు, గాలి కొలత మాత్రం ఒప్పందంలో ముందే రాయించుకోండి.